ఐలయ్యకు మందు పెట్టిందెవరు?

1986 ఎండాకాలం. నేను అప్పుడు వరంగల్‌లో ఒక పెద్దాసుపత్రిలో, పాథాలజీ విభాగంలో పనిచేస్తున్నాను. జబ్బు మన శరీరంలోని కణాలను ఏం చేసిందో మైక్రోస్కోపు కింద చూసి చెప్పే శాఖ అది. మాకు రోగుల ముఖాలు తెలియవు. వార్డు నుంచి రక్తం వస్తుంది, ఆపరేషన్ థియేటర్ నుంచి గడ్డ ముక్క వస్తుంది, దానితో పాటు పేరు రాసిన చీటీ వస్తుంది. మేం రిపోర్టు రాసి పంపిస్తాం. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో చాలాసార్లు మాకు తెలియనే తెలియదు. మా నాన్నకు హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం ఉండేది. "ఇంత మందితోని మాట్లాడే ఇంట్ల పుట్టి, మనుషులే రాని అర్రల కూసున్నవేందే బిడ్డా" అని నన్ను ఏడిపించేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ గది నచ్చేది.

ఆ గదిలోకి ఒకరోజు సారక్క వచ్చింది. ఒక చేతిలో రక్తం నింపిన గాజు ట్యూబు, ఇంకో చేతిలో భర్త చెయ్యి.

"ఇది మా ఆయన రక్తం అమ్మా. వార్డు సారు మీకు పంపాలన్నడు."

"వార్డుబాయ్ తెస్తడు గద, నువ్వెందుకొచ్చినవ్?"

"ఎవలు తెస్తేంది. జల్ది తెలుస్తదని తెచ్చిన."

భర్త పేరు ఐలయ్య. కేసముద్రం మార్కెట్లో దడువాయి, అంటే రైతు తెచ్చిన ధాన్యాన్ని కాంటా మీద తూచి బరువు చెప్పే మనిషి. వయసు యాభై నాలుగు. పొడుగాటి మనిషి, శుభ్రమైన ధోవతి, భుజం మీద రుమాలు. చూస్తే ఏ జబ్బూ లేనట్టే ఉన్నాడు. సారక్క నాతో మాట్లాడుతుండగా అతను మెల్లగా మా కెమికల్ బ్యాలెన్స్ దగ్గరికి వెళ్లాడు. అది రసాయనాలు తూచుకునే చిన్న త్రాసు. ఊగుతున్న పళ్లేన్ని ఒక వేలితో ఆపి, వంగి చూసి, "ముల్లు నిలబడాలె" అన్నాడు నాతో, ఎంతో మర్యాదగా.

సారక్క ముఖం విప్పారింది. "గిది మాత్రం మరువలేదమ్మా" అంది.

మిగతావన్నీ మరిచిపోతున్నాడు. రెండేళ్ల కిందట తూకం చెప్పి, రైతు బస్తా దించక ముందే మళ్లీ అదే తూకం చెప్పడంతో మొదలైంది. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత అతనే సిగ్గుపడి మార్కెట్‌కు పోవడం మానేశాడు. ఆ తర్వాత ధోవతి కట్టుకోవడం రాలేదు. ఇంటికి దారి తెలియలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు భార్యను గుర్తుపట్టడం లేదు.

మతిమరుపుకు నయమయ్యే కారణాలు కొన్ని ఉంటాయి. వార్డులో డాక్టరుగారు వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూశారు. ఒక్కటీ దొరకలేదు. చివరికి నన్ను పిలిచి, "ఇది ఆల్జీమర్స్ అనుకుంటున్నా. కానీ బతికుండగా ఖాయంగా చెప్పే దారి లేదు" అన్నారు. ఆ జబ్బును నేను పుస్తకాల్లో బొమ్మలుగానే చూశాను. మెదడు కణాల్లోనూ వాటి మధ్యలోనూ పాడైన ప్రోటీన్ పేరుకుపోతుంది, కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ఆ రోజుల్లో దానికి మందు లేదు.

సారక్క నెలకోసారి అతన్ని ప్యాసింజరు రైల్లో తీసుకువచ్చేది. వార్డులో నిద్రకూ బలానికీ ఏవో గోలీలు ఇచ్చేవారు. తిరుగు బండికి టైముంటే ఇద్దరూ మా గది బయట బల్ల మీద కూర్చునేవారు. ఒకసారి ఆమె టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలిపి పెడుతుంటే ఐలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు చెల్లె. మా ఇంటామె ఎదురుసూస్తాంటది. నేను పోవాలె."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. సారక్క చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆమె గొంతులో మాత్రం ఏ మార్పూ లేదు.

"పోదువు తియ్యి. ఆమె ఏమనదు. దూరం పోవాలె గద, రెండు బుక్కలు తిని పో."

అతను కాసేపు ఆలోచించి నోరు తెరిచాడు. తినిపించడం అయ్యాక ఆమె నా వైపు తిరిగి, "నా కోసమే పోత అంటాండు గదమ్మా. ఇంక ఏమనాలె ఆయన్ని" అంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి డబ్బా మూత పెట్టడానికి చాలాసేపు తీసుకుంది.

వాళ్లకు పిల్లల్లేరు. ఇంట్లో మూడో మనిషి ఐలయ్య అక్క కొమురమ్మ. భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. తల్లి చిన్నప్పుడే చనిపోతే ఐలయ్యను పెంచింది ఆమే. తమ్ముడికి ఇలా అయ్యేసరికి కొమురమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. సారక్క మందు పెట్టిందని.

మా వైపు "మందు పెట్టడం" అంటే చంపాలని విషం పెట్టడం కాదు. మొగుణ్ని చెప్పుచేతల్లో ఉంచుకోవాలని భార్య అన్నంలో ఏదో కలిపి పెడుతుందని, అది కడుపులో గడ్డకట్టి నెత్తికెక్కుతుందని ఒక నమ్మకం. దాన్ని కక్కించేవాళ్లు కూడా ఉండేవారు. ఆకు పసరు తాగించి వాంతి చేయించి, అందులోంచి నల్లటి ఉండ ఒకటి తీసి, ఇదిగో మందు అని చూపించేవారు. కొమురమ్మ తమ్ముణ్ని అలాంటివాళ్ల దగ్గరికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. పోయిన ప్రతిసారీ ఒక ఉండ బయటపడేది. ఊళ్లో నలుగురికీ చూపించేది. ఐలయ్య ఇంకాస్త నీరసపడి ఇంటికొచ్చేవాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లు సారక్కతో మాటలు మానేశారు.

నేను సారక్కను అడిగాను. "నువ్వు వద్దనవా?"

"నేను అడ్డం పడితే, మందు బయటపడ్తదని భయపడ్తాంది అంటరమ్మా."

మరుసటి సంవత్సరం వానలు మొదలయ్యే సమయానికి ఐలయ్య మంచం పట్టాడు. దగ్గు, జ్వరం. ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి అక్క కూడా వెంట వచ్చింది. బక్కపలచని మనిషి, నుదుటి మీద పచ్చబొట్టు. మంచం పక్కన నేల మీద కూర్చుని తమ్ముడి పాదాలు ఒత్తుతూనే ఉండేది. వార్డు డాక్టరుగారు అడిగితే ఆమెతో మాట్లాడటానికి వెళ్లాను.

"పెద్దమ్మా, ఆయనకు మింగుడు కష్టమైతాంది. పసరు తాపితే ఊపిరితిత్తులల్లకు పోతది. ఇంక తాపకు."

ఆమె నా మీద కోపగించుకోలేదు. తల కూడా ఎత్తలేదు.

"నీకేమెర్క బిడ్డా. వీడు నా చేతుల పెరిగిండు. మార్కెట్ల ఎవ్వని నోట మాట పడలే. గసోంటోడు ఊకెనే గిట్లైతడా? ఎవలో ఏదో చెయ్యంది అయితడా?"

ఎవరూ ఏమీ చేయకుండానే మంచి మనిషికి ఇలా జరుగుతుందన్న మాట ఆమెకు తన నమ్మకం కంటే భయంకరమైనది.

నాలుగో రోజు పొద్దున ఐలయ్య న్యుమోనియాతో చనిపోయాడు. వరండాలో కొమురమ్మ ఏడుపు మా గదిదాకా వినిపించింది. ఆ ఏడుపులోనే మరదలిని తిట్టింది. కాసేపటికి సారక్క మా తలుపు దగ్గర కనిపించింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"మీరు కోసి సూస్తరట గద. ఆయన తలకాయల ఏమున్నదో సూడుండ్రి."

పోలీసు కేసుల్లో చేసే పోస్ట్‌మార్టం వేరు. ఇంటివాళ్ల ఒప్పుదలతో, జబ్బేమిటో తెలుసుకోవడానికి చేసేది వేరు. రెండోదాన్ని క్లినికల్ ఆటాప్సీ అంటారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, డాక్టర్లకూ ఏ అనుమానం లేదు కాబట్టి ఇది రెండో రకం. నేను ఆమెకు చెప్పాను: ఇది చేసి తీరాలని లేదు, వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు అని.

"నేను ఊళ్లె బతకాలె అమ్మా. ఊళ్లెవాళ్ల సంగతి అటుంచు, నాకే తెల్వాలె. ఇన్నేండ్లు వండి పెట్టింది నేను. నా చేతిల ఏమన్న దోషమున్నదా అని నాకే అనుమానమొస్తాంది."

అంతవరకూ ఆమె కళ్లలో నేను కన్నీళ్లు చూడలేదు. అప్పుడు చూశాను.

"వదినె సుత ఒప్పుకోవాలె. ఆమెకు తెల్వకుంట వద్దు" అని మాత్రం గట్టిగా అంది.

కొమురమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె కారణం ఆమెది. "కోయుండ్రి బిడ్డా. బయటపడ్డ మందు నాకే సూపెట్టుండ్రి" అంది. మందు లేదని రుజువు కావాలని ఒకరు, ఉందని రుజువు కావాలని ఇంకొకరు, ఇద్దరూ ఒకే కాగితం మీద వేలిముద్రలు వేశారు.

తల ఒక్కటే తెరిచాం. కుట్లు జుట్టులో కనపడకుండా వేయించి మధ్యాహ్నానికి శరీరాన్ని అప్పగించాం. సారక్క లోపలికి వచ్చి, భర్త భుజం మీద ఎప్పుడూ ఉండే రుమాలును తలపాగాగా చుట్టింది. రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టింది. "మార్కెట్‌కు పోయేటప్పుడు గిట్లనే కట్టుకునేటోడు" అంది.

మెదడును వెంటనే పరీక్షించడానికి వీల్లేదు. ఫార్మలిన్ ద్రావణంలో కొన్ని వారాలు ఉంచితే గట్టిపడుతుంది. అప్పుడు కోసి, పలచటి పొరలు తీసి, గాజు పలకల మీద రంగు అద్దుతాం. ఆ గాజు పలకలే స్లైడ్లు. బయటి నుంచి చూసినప్పుడే మెదడు ముడుచుకుపోయి తేలికగా ఉంది. మడతల మధ్య సందులు వెడల్పయ్యాయి. పాడైన ప్రోటీన్ కనపడాలంటే సిల్వర్ స్టెయిన్ వేయాలి, అంటే వెండి ఉప్పుతో రంగు పట్టించాలి. మహా పేచీకోరు పద్ధతి అది. నీళ్లు కాస్త తేడా వస్తే స్లైడు మొత్తం నల్లబడిపోతుంది. మొదట చేసినవన్నీ పాడయ్యాయి. నేను మొండిగా మళ్లీ మళ్లీ చేశాను. మా విభాగంలో దీన్ని ఇంత అవసరంగా ఎవరూ అడిగి ఉండరు.

చివరికి ఒక స్లైడు కుదిరింది. పసుపు పచ్చటి వెలుగులో నల్లటి మచ్చలు, కణాల మధ్య మసి చల్లినట్టు. వాటిని ప్లాక్‌లు అంటారు. కణాల లోపల చిక్కుపడిన దారాల్లాంటివి ఇంకొన్ని. వాటిని టాంగిల్స్ అంటారు. పుస్తకంలో బొమ్మ నా ముందు నిజమై కూర్చుంది. డాక్టరుగా నాకు సంతోషం కలిగింది. మరుక్షణమే, అన్నం ముద్దకు చెయ్యి అడ్డం పెట్టిన మనిషి గుర్తొచ్చాడు.

రిపోర్టు రాసి వార్డుకు పంపితే నా పని అయిపోయినట్టే. నేను కేసముద్రానికి కబురు పంపాను, ఇద్దరినీ రమ్మని.

ఒకే రైల్లో వచ్చినా దూరం దూరంగా నడుస్తూ వచ్చారు. కొమురమ్మను ముందు కూర్చోబెట్టాను. మైక్రోస్కోపులో చూడటం ఆమెకు వెంటనే రాలేదు. తన కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయట. ఒక కన్ను నా చేత్తో మూసి, మెల్లగా సర్దాను. మొదట వేరే మనిషి మెదడు స్లైడు పెట్టాను. ఏ మతిమరుపూ లేకుండా ప్రమాదంలో పోయిన మనిషిది. తర్వాత ఐలయ్యది.

"మసి పడ్డట్టున్నది" అంది కొమురమ్మ.

"అవును పెద్దమ్మా. అదే జబ్బు."

"గిదేనా మందు? ఎవలు పెట్టిండ్రు?"

"ఎవ్వలు పెట్టలే. కడుపులకెల్లి పోయింది కాదు. ఆయన మెదడులనే తయారైంది. ఒక్కనాడు అయ్యేది కాదు, ఏండ్లు పట్టింది. దీనికి పేరున్నది. వేరే దేశాలల్ల కూడా మనుషులకు ఇదే వస్తది. అక్కడ కూడా ఎందుకొస్తదో ఎవరికీ తెల్వది."

ఆమె మళ్లీ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి మరదలికి చోటిచ్చింది. సారక్క ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

"ఇది బయటికెల్లి రాకపాయె. లోపల్నే తయారాయె. మరి లోపల సాఫ్ చేసేది ఏం ఉండదా అమ్మా?"

ఉంటుందని చెప్పాను. ప్రతి కణం రోజూ ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది, పాతబడినవాటినీ పాడైనవాటినీ తానే విరిచేస్తుంది. ఆ పనికి లైసోజోములని చిన్న చిన్న సంచుల్లాంటివి ఉంటాయి. మెదడు కణాలు చర్మం కణాల్లాగా మళ్లీ పుట్టవు. ఉన్నవే చివరిదాకా పనిచేయాలి. లోపలి చెత్తను విరిచే పని మందగిస్తే అది పేరుకుపోతుంది. ఐలయ్యలో అలా జరిగి ఉండొచ్చు.

"ఆ సాఫ్ చేసే పనిని జర తేజ్ చేసే గోలీ లేదా?"

"లేదు సారక్కా."

"ఎప్పుడన్న దొరుకుతదా?"

ఆ రోజుల్లో ఆ దారిలో వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. అయినా "వెతుకుతరు" అన్నాను.

అప్పటిదాకా నిలబడే ఉన్న కొమురమ్మ నా బల్ల అంచు పట్టుకుంది. "బిడ్డా, నిజం జెప్పు. నేను తాపిన పసరుకే సచ్చిండా వాడు? గదుమ పట్టి నోరు తెరిచింది నేనే."

ఊపిరితిత్తులు మేం చూడలేదు. తల ఒక్కటే తెరిచాం. "నాకు తెల్వది పెద్దమ్మా" అన్నాను. "పసరు లేకున్నా ఈ జబ్బుల ఆఖరికి మింగుడు బంద్ అయితది, చాలామంది ఇట్లనే పోతరు. పసరు మంచి మాత్రం చెయ్యలే. అంతకంటే నేను చెప్తే అబద్ధమైతది."

ఆమె నేల మీద కూలబడింది. సారక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నేను పెట్టిన బువ్వ సుత పొరబోయింది వదినె. ఎన్నిసార్లు దగ్గి దగ్గి కండ్లు తేలేసిండో నువ్వు సూడలే? అయితే బువ్వ పెట్టుడు బంద్ జేసిన్నా? నువ్వు ఆయన బతకాలనే తాపినవ్. నేను ఆయన బతకాలనే పెట్టిన."

కొమురమ్మ ఏడుస్తూ మరదలి మోకాలి మీద తల పెట్టింది. నాకు తెలిసి ఆమె క్షమించమని అడగలేదు. సారక్కా ఆ మాట కోసం చూడలేదు. ఆమె చెయ్యి వదినె వీపు మీద ఆడుతూ ఉంది. వెళ్లేముందు కొమురమ్మ మైక్రోస్కోపు దగ్గరికి వచ్చి, ఇందాక చూసినప్పుడు తన కన్నీళ్లతో తడిసిన అద్దాన్ని కొంగుతో తుడిచింది. "జర ఖరాబైంది బిడ్డా" అంది. స్టేషనుకు ఇద్దరూ ఒకే రిక్షాలో పోయారు.

ఏడాది తర్వాత కొమురమ్మ ఒంటరిగా నా గదికి వచ్చింది. ఒంటరిగా అంటే సారక్క లేకుండా. వెంట వాళ్ల ఊరి మనిషి యాకయ్య, అతని భార్య ఉన్నారు. యాకయ్యకు నలభై దాటి ఉంటాయి. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఒక మాట అడిగితే జవాబు రావడానికి ఎంతోసేపు పడుతోంది. అన్నీ మరిచిపోతున్నాడట. అతని తల్లి కోడలే మందు పెట్టిందని పట్టుపట్టి, కక్కించేవాళ్ల దగ్గరికి బండి కట్టించింది. కొమురమ్మ ఆ బండికి ఎదురు నిలబడిందట.

"కోడలు ఏం జెయ్యలే, నేను అద్దంల సూసిన అని చెప్పిన. ఇనకపోతే బండి ముందల కూసున్న. మా తమ్ముని జబ్బే ఇది బిడ్డా. దీనికి మందు లేదని తెలుసు. మీరే జెప్పి పంపుండ్రి వీని తల్లికి, ఈ పిల్లను అనొద్దని."

నేను యాకయ్యను వార్డు డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ముఖం చూసి, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూసి, రక్తం హైదరాబాదు పంపించారు. అది ఐలయ్య జబ్బు కాదు. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పనిచేయకపోతే కూడా మతి మందగిస్తుంది. దానికి గోలీ ఉంది, రోజూ వేసుకుంటే చాలు.

కొన్ని నెలలకు యాకయ్య మళ్లీ వచ్చాడు. ముఖం వాపు తగ్గి, గలగలా మాట్లాడుతున్నాడు. దారి తానే చూపించి తీసుకొచ్చానని గొప్పగా చెప్పాడు. పక్కన అతని భార్య నవ్వు ఆపుకోలేకపోతోంది. కొమురమ్మ వాళ్లిద్దరినీ చూస్తూ నిలబడింది. చాలా సంతోషంగా ఉంది. తర్వాత నాకు దగ్గరగా వచ్చి, మెల్లగా అంది. "మా తమ్మునికి సుత గిదే అయ్యుంటే ఎంత మంచిగుండు బిడ్డా."

నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పత్రికలు చదువుతుంటాను. కణం తనలోని పాడైన ప్రోటీన్‌ను గుర్తుపట్టి, గుర్తు పెట్టి, విరిచే తీరును శాస్త్రవేత్తలు ఎంతో వివరంగా తెలుసుకున్నారు. అందులో ఒక పద్ధతిని ఆటోఫజీ అంటారు. ఆ పనిని వేగంగా చేయిస్తే మతిమరుపు జబ్బులను ఆపవచ్చా అని లోకమంతా పరిశోధన జరుగుతోంది. పేరుకున్నదాన్ని తొలగించే మందులు కొన్ని వచ్చాయి, ఇప్పటికి లాభం కొద్దిగానే. కణాన్నే ఆ పనికి పురమాయించే గోలీ ఇంకా రోగి చేతికి రాలేదు. సారక్క అడిగింది సరిగ్గా దాని గురించే. ఆమెతో నేనన్న "వెతుకుతరు" అబద్ధం కాకుండా పోయినందుకు నాకు తృప్తిగా ఉంటుంది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఆటాప్సీ రిపోర్టు వార్డుకు పంపిన ప్రతిసారీ ఇంటివాళ్లకు కూడా కబురు పెట్టాను. కొందరు రాలేదు. వచ్చినవాళ్లు జబ్బు పేరు పెద్దగా పట్టించుకోలేదు. మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా అని మాత్రం దాదాపు అందరూ అడిగారు. తెలిసినంతవరకు చెప్పేదాన్ని, తెలియనిచోట తెలియదనేదాన్ని. వాళ్లు లేచి వెళ్లేదాకా పక్కన కూర్చునేదాన్ని. అది కూడా నా ఉద్యోగంలో భాగమేనని నాకు నేర్పింది కేసముద్రం నుంచి వచ్చిన ఆ వదినా మరదళ్లు.